బళ్లారి నాటక సభలు



1891లో బళ్లారి నుంచి ఒక నాటక సమాజం మద్రాసు వెళ్లింది. అందులో జీతానికి నటించేవాళ్లు లేరు. పగలంతా కోర్టుల్లో, కచేరీల్లో పని చేసుకుని, సాయంత్రాలు నాటకం ఆడుకునే చదువుకున్నవాళ్లు. ఆ సమాజం పేరు సరస వినోదిని సభ. నడిపించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో ప్లీడరు. విక్టోరియా పబ్లిక్ హాల్లో వాళ్లు తెలుగు నాటకాలు వేశారు.

చూడవచ్చినవాళ్లలో కాలేజీలో చదువుకుంటున్న ఒక పద్దెనిమిదేళ్ల కుర్రవాడున్నాడు. తమిళుడు, పేరు పమ్మల్ సంబంధ మొదలియార్. అప్పటిదాకా అతనికి నాటకమంటే చిన్నచూపు. పెద్దమనుషులు తలెత్తుకుని చేసే పని కాదనుకునేవాడు. రంగస్థలం మీదున్నవాళ్లు వకీళ్లని, ఉద్యోగస్తులని, చదువుకున్నవాళ్లని తెలిసేసరికి అతని మనసు మారిపోయింది. అదే ఏడాది జులై 1న కొందరు స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. తర్వాతి రోజుల్లో ఆయన న్యాయమూర్తి అయ్యారు, పదుల కొద్దీ నాటకాలు రాశారు, ఆధునిక తమిళ నాటకానికి పితామహుడనిపించుకున్నారు. తన నాటక జీవితం ఎక్కడ మొదలైందో చెబుతూ బళ్లారి వాళ్ల ఆ ప్రదర్శనల్ని జ్ఞాపకాల్లో రాసుకున్నారు.

బళ్లారి మద్రాసు వంటి మహానగరం కాదు. ఒక జిల్లా కేంద్రం, ఒక దండు, ఒక కోట, రాళ్ల గుట్టలు, ఎండ. అలాంటి ఊరి సమాజం ఒకటి రాజధానికి వెళ్లి, పక్క భాషలో ఒక నాటకోద్యమానికి కారణమైంది. అది ఎలా సాధ్యమైందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. చిన్న ఊళ్లలో కళాసంస్థలు ఎందుకుండాలి అని అడిగేవాళ్లకు జవాబు బళ్లారి కథలోనే దొరుకుతుందని నా నమ్మకం. అందుకే ఈవేళ మీతో ఆ కథ చెప్పుకుంటున్నాను.

బళ్లారి ఆనాడు మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. బజారులో తెలుగు, కన్నడం రెండూ వినిపించేవి. దండు బజారు వైపు ఉర్దూ, తమిళం. దక్కను ఊళ్లన్నిట్లోలాగే మరాఠీవాళ్లూ ఉండేవారు. ఒక భాషలో పాడిన పాటను మరో భాషవాడు విని తలూపే ఊరు. 1880ల్లో మరాఠీ నాటక సమాజాలు తెరలు, దుస్తులు వెంటబెట్టుకుని ఊరూరా తిరిగేవి. వాళ్ల ఆటలు చూసినచోటల్లా, మనం మాత్రం ఎందుకు వేయలేం అన్న పట్టుదల పుట్టింది. రాజమహేంద్రవరంలోనూ జరిగింది ఇదే. ధార్వాడ సమాజం వాళ్లు ఆటలాడి వెళ్లాక, వాళ్లు విడిచిపోయిన పాకలోనే 1880లో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకాలు వేయించారు. మన ఆధునిక నాటకం అలా ఒకరు వదిలిపెట్టిన పాకలో కళ్లు తెరిచింది.

బళ్లారిలో మాత్రం కథ ఒక సభతో ఆగలేదు. అదే ఊళ్లో, అదే కోర్టులో ఇంకో ప్లీడరు కోలాచలం శ్రీనివాసరావు. ఆయన సుమనోరమ సభను నడిపించారు. హంపి శిథిలాల పక్కనున్న కమలాపురంలో పుట్టినాయన. విజయనగర సామ్రాజ్యం కూలిన కథను నాటకంగా రాశారంటే ఆశ్చర్యం లేదు. ఆ రాళ్ల మధ్య తిరిగిన మనిషి. రామకృష్ణమాచార్యులది పురాణం, గానం, కరుణ. శ్రీనివాసరావుది చరిత్ర, వాదం, చదువు. 1908లో ప్రపంచ నాటక చరిత్ర మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే అచ్చు వేశారాయన. ఒకాయనను ఆంధ్ర నాటక పితామహుడని పిలుచుకున్నాం, ఇంకొకాయనను చారిత్రక నాటక పితామహుడన్నాం. ఇద్దరు పితామహులూ ఒకే ఊరి కోర్టు మెట్లు ఎక్కి దిగినవాళ్లు.

రెండు సభల మధ్య పోటీ ఉండేది. దాన్ని కొందరు చరిత్రకారులు కాస్త నొచ్చుకుంటూ చెబుతారు. ఆ పోటీయే బళ్లారి అదృష్టమని నేనంటాను. ఊళ్లో ఒకే సభ ఉంటే దాని నాటకం బాగున్నా బాగులేకపోయినా చూసినవాళ్లు మర్యాదకు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్తారు. రెండుంటే పోల్చి చూస్తారు. ధర్మవరం వారి సారంగధరుడు ఎలా ఉన్నాడు, కోలాచలం వారి రామరాజు ఎలా ఉన్నాడు, ఎవరి పద్యం శ్రుతిలో ఉంది, ఎవరి నటన పాత్రకు అతికింది అని అరుగుల మీద, కోర్టు వసారాల్లో వాదించుకుంటారు. ఆ వాదనల్లోనే ప్రేక్షకుడు తయారవుతాడు. నటుణ్ణి తయారుచేయడానికి ఒక గురువు చాలు. మంచి ప్రేక్షకుణ్ణి తయారుచేయాలంటే ఊరంతా ఏళ్ల తరబడి నాటకం చూస్తూ, దాని గురించి మాట్లాడుకుంటూ ఉండాలి. ఆ అవకాశం ఊరికి ఇచ్చేది సభ. మిగతావన్నీ ఆ తర్వాతివే.

రామకృష్ణమాచార్యులు చేసిన ఒక సాహసాన్ని ఇక్కడ చెప్పాలి. మన సంస్కృత నాటక సంప్రదాయంలో కథ దుఃఖంతో ముగియకూడదు. ఆయన విషాద సారంగధర రాశారు, కథను దుఃఖంలోనే ముగించారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్ని చెప్పుకుంటారు. శాస్త్రం ఒప్పుకోని ముగింపును రంగం మీదికి తెచ్చినప్పుడు జనం లేచి వెళ్లిపోకుండా కూర్చుని కన్నీళ్లు పెట్టుకోవాలంటే, ఆ రచయిత మీద వాళ్లకు గురి ఉండాలి. ఊరికి కొత్తగా వచ్చి, నాలుగాటలాడి వెళ్లిపోయే కంపెనీకి అంత గురి దొరకదు. పొద్దున కోర్టులో కనిపించిన మనిషి, మన వీధి మనిషి, మన పిల్లవాడికి పాత్ర ఇచ్చి పద్యం నేర్పిన మనిషి చూపిస్తున్నాడు కాబట్టి చూద్దామనుకుంటారు. కొత్త ప్రయోగాలు పట్నాల్లోనే జరుగుతాయని మనకో అభిప్రాయం ఉంది. ఇది జరిగింది మాత్రం బళ్లారిలో.

ఇక నటుడు రాఘవ, పూర్తి పేరు రాఘవాచార్యులు. తాడిపత్రిలో 1880 ఆగస్టు 2న పుట్టారు. రామకృష్ణమాచార్యులకు స్వయానా మేనల్లుడు. అయితే ఆయనకు గొప్ప పేరు తెచ్చిన పాత్రల్లో ఒకటి, పఠాన్ రుస్తుం, ఎదుటి పక్షమైన కోలాచలం వారి నాటకంలోది. మేనమామదొక సభ, మేనల్లుడు వెలిగింది ఇంకో సభ నాటకంలో. బళ్లారిలో పోటీ శత్రుత్వం కాలేదనడానికి ఇంతకన్నా ఏం కావాలి! రాఘవ కూడా ప్లీడరే. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేశారు. నటనకు డబ్బు తీసుకోలేదు. తన ఆటల మీద వచ్చిన డబ్బును బడులకు, ధర్మకార్యాలకు ఇచ్చేశారు. తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో నటించారు. హిరణ్యకశిపుడు, చాణక్యుడు, ఒథెల్లో, షైలాక్. 1920ల చివర ఇంగ్లండు వెళ్లి అక్కడి నాటకాలు చూశారు, బెర్నార్డ్ షాను కలిశారు. తిరిగొచ్చి మళ్లీ బళ్లారిలోనే ఉన్నారు.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగుతాను. రాఘవ బళ్లారిలోనే ఉండిపోవడం వల్ల బళ్లారికేం ఒరిగింది? గొప్ప నటుడు ఎక్కడో ఉంటే ఊరికి పేరు వస్తుంది, ఊళ్లోనే ఉంటే ఊరికి చదువు వస్తుంది. రాగాలు సాగదీసి పాడితే వన్స్ మోర్ అని కేకలేయడం అలవాటైన కాలంలో, పద్యాన్ని కుదించి మాటగా పలకడం ఎలాగో ఆయన రంగం మీద చేసి చూపించారు. మొదట్లో నచ్చనివాళ్లు చాలామందే ఉండి ఉంటారు. అయినా చూశారు, ఎందుకంటే ఆయన వాళ్ల రాఘవాచార్యులు.

ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని ఆయన పట్టుబట్టారు. మగవాళ్లు స్త్రీ పాత్రలు వేసి మెప్పించడం మనకొక ఘనతగా ఉన్న రోజులవి. స్థానం నరసింహారావు వంటి మహానటుడు ఆ కళను శిఖరానికి తీసుకెళ్లారు కూడా. అయినా గౌరవమైన కుటుంబాల స్త్రీలు రంగస్థలం మీదికి రావాలని రాఘవ వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించారు. ఆయన ప్రోత్సాహంతో పి.వి. రాజమన్నారు తప్పెవరిది అనే నాటకం రాశారు. ఆ రాజమన్నారే తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1953లో సంగీత నాటక అకాడమీ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షులయ్యారు. దేశ రాజధానిలో వెలిసిన అకాడమీ వేళ్లు వెతుక్కుంటూ వెళ్తే ఒక పాయ మన సీమ ఎండల్లో తేలుతుంది.

బళ్లారి ఒక్కటే కాదు. విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్లు 1892లో గురజాడ కన్యాశుల్కాన్ని వేశారు. అచ్చుకు రావడానికి ఐదేళ్ల ముందే ఆ నాటకం ఒక ఊరి సభ చేతిలో ప్రాణం పోసుకుంది. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నుంచి రేలంగి, ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు బయల్దేరారు. తెనాలి రామవిలాస సభ స్థానం వారిని ఇచ్చింది. ఏలూరులో ప్లీడరు బందా కనకలింగేశ్వరరావు ప్రభాత్ థియేటర్ నడిపించి, తర్వాత కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం నిలదొక్కుకోవడానికి పాటుపడ్డారు. ఆయన విజయవాడ ఆకాశవాణిలోనూ పనిచేశారు. మీరు ఆదివారాలు రేడియో దగ్గర కూర్చుని విన్న నాటకాల వెనుక ఇలాంటి ఊళ్ల రిహార్సల్ గదులు చాలా ఉన్నాయి.

ఈ సభలు ఎలా నడిచేవి? ఒక అధ్యక్షుడు, ఒక కార్యదర్శి, ఒక కోశాధికారి. చందాలు. ఎవరి ఇంటి వసారాలోనో, బడి గదిలోనో దీపాలు పెట్టాక రిహార్సల్. హార్మోనియం ముందు కూర్చున్న పెద్దాయన శ్రుతి ఇస్తారు. ఎవరి పోర్షన్ వాళ్లు నోటు పుస్తకాల్లో రాసుకుని అప్పజెప్పాలి. ఇలా నెలల తరబడి ఒకే బృందం కలిసి సాధన చేస్తేనే నాటకం నాటకంగా నిలుస్తుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది కాంట్రాక్టు నాటకం. పేరున్న నటుల్ని తలా ఒక ఊరి నుంచి రప్పించి, రిహార్సల్ లేకుండా ఒకే వేదిక మీద నిలబెట్టేవాళ్లు. ఒకే నాటకంలో ఇద్దరేసి, ముగ్గురేసి కృష్ణులు వచ్చి పోటీ మీద పద్యాలు పాడేవాళ్లు. జనం విరగబడి వచ్చారు, టిక్కెట్లు తెగ అమ్ముడుపోయాయి. నాటకం మాత్రం దెబ్బతింది. రంగస్థలాన్ని మళ్లీ దారిలో పెట్టాలన్న తపనతోనే సురభి నాటక సమాజానికి చెందిన వనారస గోవిందరావు వంటివాళ్లు పూనుకోగా 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడింది.

సభలను పొగుడుతూనే వాటి లోటు కూడా చెప్పాలి. ఆ పాత సభలు చాలావరకు చదువుకున్న అగ్రవర్ణాల మగవాళ్లవి. ఊళ్లో వేలమంది ఉంటే, వేషం కట్టే హక్కు కొన్ని వీధులకే ఉండేది. తోలుబొమ్మలాటవాళ్లు, వీధి భాగవతులు అదే ఊరి పొలిమేరల్లో అంతకు ముందునుంచే ఆడుతున్నా వాళ్లను ఈ హాళ్లలోకి ఎవరూ పిలవలేదు. ఆ తలుపు తెరిచినవాళ్లలో ప్రజానాట్యమండలిది పెద్ద పాత్ర. 1943 తర్వాత గరికపాటి రాజారావు వంటివాళ్లు రైతుల్ని, కూలీల్ని, స్త్రీలను రంగం మీదికి తెచ్చారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన మా భూమి ఊరూరా ఆడింది, ప్రభుత్వం నిషేధించేంతగా ఆడింది. బుర్రకథను, వీధి భాగవతాన్ని పక్కన కూర్చోబెట్టుకున్న ఆ బృందాలను తలచుకోకుండా చిన్న ఊళ్ల కళ గురించి మాట్లాడితే సగం కథే చెప్పినట్టు.

బళ్లారికి తిరిగి వస్తాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ రోజుల్లో ఊరు ఎవరిదన్న తగాదా తీవ్రంగా నడిచింది. రెండు వైపులా మాటలు పెరిగాయి, మనసులు విరిగాయి. రాఘవ అప్పటికి లేరు, 1946లోనే కన్నుమూశారు. తెలుగు నాటకం పెరిగిన ఊరు తెలుగు రాష్ట్రానికి అవతల ఉండిపోయింది. సీమ పెద్దల నోట ఈ సంగతి వచ్చినప్పుడు ఇప్పటికీ గొంతు మారుతుంది.

అయినా సరిహద్దు గీత పడ్డాక బళ్లారిలో నాటకం ఆగిపోలేదు. రాఘవ పేరు మీద ఒక స్మారక సంఘం ఏర్పడింది, రాఘవ కళామందిరం వెలిసింది. ఆ వేదిక మీద తెలుగు నాటకం ఆడుతుంది, కన్నడ నాటకమూ ఆడుతుంది. ఏటా రాఘవ జయంతికి రెండు భాషల కళాకారులనూ పిలిచి సన్మానిస్తారు. ప్రభుత్వాలు జిల్లాను పంచుకున్నా, ఊరిని ఒక నాటక సంఘం పంచుకోకుండా కాపాడుతోంది. ఇలాంటి పని చేయమని వాళ్లకు ఎవరూ జీవో ఇవ్వలేదు. రాఘవ రెండు భాషల్లోనూ నటించారు కాబట్టి ఆయన పేరున్న చోట రెండూ ఉండాలని అనుకున్నారు, అంతే.

ఇవాళ మన చిన్న ఊళ్లలో పరిస్థితి చూద్దాం. నాటక పరిషత్తులు ఇంకా ఉన్నాయి. ఏటా మూడు నాలుగు రాత్రులు పోటీలు పెడతారు. గుంటూరు నుంచి, విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి బృందాలు వస్తాయి. గంట నాటికలు, న్యాయనిర్ణేతలు, షీల్డులు. నిర్వాహకులు సొంత డబ్బు పెట్టుకుంటారు, బంధువుల దగ్గర చందాలు అడుగుతారు, వచ్చిన బృందాలకు భోజనాలు పెడతారు. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ ఒక మాట చెప్పాలి. అనేక చోట్ల పోటీ జరిగే ఊరికి సొంత బృందం లేదు. ముందు వరసల్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది తలలు నెరిసినవాళ్లు. ఆ బృందాలే ఒక పరిషత్తు నుంచి ఇంకో పరిషత్తుకు తిరుగుతాయి. ఊళ్లోని బట్టల కొట్టు గుమాస్తా, పక్క వీధి టీచరు, ఇంటర్ చదివే అమ్మాయి వేదిక ఎక్కని పోటీ వాళ్లకు ఒక రాత్రి వినోదమే అవుతుంది. బళ్లారి సభలు బలపడింది ఇంటి మనుషులతో. బయటి సమాజాలు వచ్చాయి, ప్రేరణ ఇచ్చి వెళ్లాయి. ఆ తర్వాత పని ఊరే చేసుకుంది.

కాబట్టి పరిషత్తులు నడిపే మిత్రులను నేను కోరేది ఒకటుంది. పోటీల మొదటి రాత్రి మొదటి నాటిక స్థానిక బృందానిదే కావాలి, పోటీ బయట అయినా సరే. బాగా రాకపోవచ్చు. రెండో ఏడు మెరుగవుతుంది. తమ్ముడు వేషం కట్టాడని అక్కాబావలు వస్తారు, కూతురు పద్యం పాడుతోందని పనిమానుకుని నాన్న వస్తాడు. వచ్చినవాళ్లు తర్వాతి నాటిక కూడా చూసి వెళ్తారు.

రెండోది హాలు. ఇది మునిసిపాలిటీల వాళ్లు వినాలి. చాలా పట్టణాల్లో కళాక్షేత్రం పేరుతో పురపాలక మందిరం ఉంది. పెళ్లికి, పార్టీ సభకు, అమ్మకాల మేళాకు ఏ అద్దె ఉందో నాటకానికీ అదే అద్దె అడిగే చోట్లున్నాయి. విద్యుత్తు, శుభ్రం చేసే మనిషి కూలి వేరే. టిక్కెట్టు పెట్టని, లాభం చూసుకోని ఒక సంఘం అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? రిజిస్టరైన స్థానిక కళాసంఘాలకు నెలకు రెండు సాయంత్రాలు, కరెంటు ఖర్చు మాత్రమే తీసుకుని హాలు ఇవ్వాలని కౌన్సిల్ తీర్మానం చేస్తే చాలు. దానికి కొత్త బడ్జెట్టు అక్కర్లేదు. ఎటూ ఖాళీగా ఉండే మంగళ, బుధవారాలు చాలు. రిహార్సలుకు బడి గదులు సాయంత్రం ఆరు తర్వాత ఇవ్వడానికి జిల్లా విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వొచ్చు. తాళంచెవి బాధ్యత సంఘం కార్యదర్శి సంతకం పెట్టి తీసుకుంటాడు.

మీ ఊళ్లో కౌన్సిల్ సమావేశం ఎప్పుడో మునిసిపల్ ఆఫీసులో అడిగితే చెబుతారు. అర్జీ తెల్లకాగితం మీద రాయొచ్చు. సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మీకు కావలసిన రెండు సాయంత్రాలు, ఏ నాటకం వేయదలచుకున్నారో రాసి, కింద సభ్యులందరూ సంతకాలు చేయండి.